ముందు వచ్చిన కోడి

కుస్తోదియో పెర్దోమో గొంతు విప్పితే అవతలి కొండ మీద కాఫీ పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు బుట్టలు దించి ఇటు చూసేవాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు కంచరగాడిదలు తోలిన మనిషి మరి. వీలా కొండల్లో రోడ్డన్నది లేని రోజుల్లో, లోమా సెకా ఊరి నుంచి కాఫీ బస్తాలు కింద సంతకు దిగాలన్నా, సంత నుంచి ఉప్పూ కిరసనాయిలూ పైకి ఎక్కాలన్నా అతని కంచరగాడిదలే దిక్కు. వాన హోరులో, వాగు హోరులో, మలుపు అవతల ఎదురొచ్చే మరో మందకు వినపడేలా అరవాలి. ఆ గొంతు అలా తయారైంది. తరువాత రోడ్డు పడింది, జీపులొచ్చాయి, కంచరగాడిదలు ఒక్కొక్కటే కొట్టం వదిలి వెళ్ళిపోయాయి. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. భోజనం దగ్గర కూర్చుని ఉప్పు అందుకోమంటే పక్కింటి కుక్క లేచి మొరిగేది.

అలాంటి మనిషి అరవై ఒకటో ఏట పెరట్లో నేల మీద చతికిలబడి, గుప్పెట్లో పట్టే కోడిపిల్లతో గుసగుసలాడాడంటే ఊరు నవ్వదా? నవ్వింది, ఆర్నెల్లు నవ్వింది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కూతురు నూబియా తండ్రి ఇంటి గడపలో ఆగింది. పక్క కొండ మీద కాపురం ఆమెది. భర్త హైరో కాఫీ తోటలో పనిచేస్తాడు.

"నాన్నా, మళ్ళీ నెల తప్పింది," అంది.

కుస్తోదియో టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎన్నో నెల?"

"అంత గట్టిగా ఎందుకు నాన్నా! రెండు నిండి మూడు. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఊరందరికీ నువ్వే చెప్పేశావు."

ఆమె నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. అతను కూడా నవ్వలేదు. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది.

లోమా సెకాలో కూతురు నెల తప్పిందని తెలిసిన రోజే తల్లి పొదిగే పెట్ట కోసం వెతుకుతుంది. బాలింత నలభై రోజులు గది దాటకూడదు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, చన్నీళ్ళు ముట్టడానికి వీల్లేదు. రోజూ కోడి పులుసు తాగాలి. అది పెరటి కోడే అయి ఉండాలి, అందులోనూ పెట్టే కావాలి. పట్నం కొట్లో దొరికే తెల్ల కోడి పులుసు బాలింతకు వేడినీళ్ళతో సమానమంటారు. కోళ్ళ పెంపకం ఆడవాళ్ళ సంగతి. మగాడు పందెం పుంజును సవరదీయవచ్చు గాని పెట్టల జోలికి పోతే నామర్దా.

నూబియా మొదటి కానుపప్పుడు తల్లి ఓతీలియా లేదు. నూబియా ఆరో నెలలో ఉండగానే ఆమె జబ్బు చేసి పోయింది. పెరట్లో ఉన్న కోళ్ళు ఆమె దినాలకు వచ్చినవాళ్ళకు వండిపెట్టడంతో అయిపోయాయి. ఆ దుఃఖంలో మళ్ళీ గుడ్లు పొదిగించాలన్న ఆలోచన కుస్తోదియోకు రాలేదు. అది తన పని అని కూడా అతనికి తెలియదు. కానుపయ్యాక చుట్టుపక్కలవాళ్ళు తలొకటీ తెచ్చిచ్చిన పెట్టలు తొమ్మిది రోజులు వచ్చాయి. ఆ తరువాత హైరో పట్నం నుంచి తెల్ల కోళ్ళు తెచ్చాడు. ఇరవయ్యో రోజుకు నూబియాకు పాలు ఎండిపోయాయి. డబ్బా పాల మీద పెరిగిన మగబిడ్డ నాలుగో నెలలో విరేచనాలు పట్టుకుని పోయాడు. పథ్యం సరిగా జరిగితే బతికేవాడా? నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కాని ఊళ్ళో అందరూ అదే అన్నారు, కుస్తోదియో కూడా అదే నమ్మాడు. పసివాడి పెట్టెను స్మశానానికి అతనే మోశాడు. కాఫీ బస్తాలకు ఏనాడూ నొప్పెట్టని భుజం ఆ రోజు నొప్పెట్టింది.

అందుకే ఆదివారం నూబియా అటు వెళ్ళగానే, కొట్టంలో మిగిలిన ఆఖరి గాడిద జీను దులిపి భుజాన వేసుకుని సంతకు దిగాడు. తిరిగి వచ్చేటప్పుడు జీను లేదు. దాని బదులు గంపలో రెండు పొదిగే పెట్టలు, గడ్డిలో చుట్టిన గుడ్లు ఉన్నాయి. మూడు వారాలకు ఇరవై ఆరు పిల్లలు లేచాయి.

వారం తిరిగేసరికి పంతొమ్మిది మిగిలాయి.

ఏం జరిగిందంటే, కుస్తోదియో కోడిపిల్లల్ని గాడిదల్లాగే మేపబోయాడు. పొద్దున్నే గంప ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని "హర్రే! ఇట్టా రండి! హర్రే!" అని లోయ దద్దరిల్లేలా అరిచేవాడు. తల్లికోళ్ళు బిత్తరపోయి పిల్లల్ని వెంటేసుకుని కాఫీ చెట్లలోకి పరుగు. అతను వెనకాలే పరుగు. పిల్లలు చెల్లాచెదురయ్యేవి, గద్ద పైనుంచి చూస్తూనే ఉండేది. రోజుకొకటి చొప్పున ఎత్తుకుపోయింది.

ఏడో పిల్ల పోయిన రోజున కంచె అవతలి నుంచి దోన్యా ఎర్సీలియా కేకేసింది. ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే డెబ్బై ఎనిమిదేళ్ళ మంత్రసాని. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే మనిషి. నూబియాకు బొడ్డు కోసింది ఆమే, నూబియా కోల్పోయిన బిడ్డకూ ఆమే.

"ఒరేయ్ కుస్తోదియో! గద్దకి జీతమిచ్చి పెట్టుకున్నావేంట్రా?"

"ఎంత పిలిచినా రావట్లేదు దోన్యా! మాట వినే జాతి కాదిది!"

"పిలుస్తున్నావా నువ్వు? పైన గద్ద కనపడితే తల్లికోడి ఏం చేసుద్ది? దాక్కోండని అరుసుద్ది. నువ్వు దానికన్నా పెద్దగా అరుస్తున్నావు. దాక్కోమని అరిచేదీ నువ్వే, రాలేదని తిట్టేదీ నువ్వే."

అరవై ఒక్క ఏళ్ళలో ఎవరూ అతనికి ఈ ముక్క చెప్పలేదు.

ఆమె చుట్ట తీసి కంచె దాటి వచ్చింది. "కూచో. పీట మీద కాదు, నేల మీద. అట్టా. నిలబడి చెయ్యి చాపితే దానికి నీ చెయ్యి కూడా గద్దే. పైనించి వచ్చేదేదైనా గద్దే. చెయ్యి నేలకి ఆనించు, అరచెయ్యి పైకి పెట్టు. నూకలు పోసుకో. ఇంక వాటి వంక చూడమాక."

"చూడకపోతే వచ్చినయ్యో లేదో ఎట్టా తెలుసుద్ది?"

"చర్చిలో ఓతీలియాను ఎట్టా చూసేవాడివి? చూడనట్టు. అట్టాగే చూడు."

ఆ రోజు పిల్లలు రాలేదు. మర్నాడూ రాలేదు. కుస్తోదియో పొద్దున ఒక గంటా సాయంత్రం ఒక గంటా మోకాళ్ళు పట్టేసేదాకా నేల మీద కూర్చున్నాడు. నోరు మూసుకుని అంతసేపు కూర్చోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మూడో రోజు వెదురుపొద దగ్గర కుళ్ళిన దుంగ మీద కట్టిన చెదపుట్టను కత్తితో ఒక పెచ్చు నరికి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని విరిచాడు. తెల్లటి చెదలు బిలబిలా రాలాయి. తల్లికోళ్ళు మెడలు సాచాయి. పిల్లలు రెండు అడుగులు వేసి ఆగాయి.

అప్పుడే అతని నోటి నుంచి తనకు తెలియకుండా ఒక ఈల వచ్చింది. అలసిన గాడిదను వాగు దగ్గర నీళ్ళకు దింపినప్పుడు, అది బెదరకుండా తాగాలని వేసే ఈల. సన్నగా, దిగువకు సాగేది. ముప్ఫై నాలుగేళ్ళలో కుస్తోదియో గొంతులో మెత్తగా పలికింది ఏదన్నా ఉంటే అదొక్కటే. పిల్లలు ఆ ఈలకు బెదరలేదు. మెడ మీద ఈకలు మొలవని బోడిమెడ పిల్ల ఒకటి అన్నిటికన్నా ముందు వచ్చింది. చెదల్ని వదిలేసి అతని బొటనవేలి గోరును మొక్కజొన్న గింజ అనుకుని పొడిచింది. గింజ ఊడి రాలేదు. మళ్ళీ పొడిచింది. మొండిది. అలిసిపోయి, అరచేతిలోకి ఎక్కి, రెండు మూడు సార్లు చుట్టూ తిరిగి, ఈకలు పొంగించి కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

కుస్తోదియో కదలలేదు. కాలు తిమ్మిరెక్కింది, ఈగ ముక్కు మీద వాలింది, అయినా కదలలేదు. అంత వెచ్చటిది, అంత చిన్నది తనను నమ్మి నిద్రపోవడం అతనికి కొత్త. సొంత కూతుర్ని కూడా పసితనంలో అలా పట్టుకున్న గుర్తు లేదు. అప్పుడు దారుల మీద ఉండేవాడు. ఇంటికి వచ్చేసరికి పిల్ల పడుకుని ఉండేది, అతని గొంతు విని ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఓతీలియా "మెల్లగా" అనేది. అతనికి మెల్లగా ఎలాగో తెలిసేది కాదు.

ఆ తరువాత పని సాగింది. రోజూ అదే వేళ, అదే చోట, అదే ఈల. మొదట చేతిలో గింజలు, పది రోజులకు ఒళ్ళో గింజలు, నెలకు భుజం మీద. ఒక పిల్లను పట్టుకోవాలంటే పక్క నుంచి, రొమ్ము కింద చెయ్యి పోనిచ్చి, కాళ్ళు వేళ్ళాడకుండా అరచేతి మీద ఆనించి ఎత్తాలి. ఎత్తాక దాన్ని ఒంటికి ఆనించుకోవాలి. దింపేటప్పుడు ఎగరనివ్వకూడదు, కాళ్ళు నేలకు తగిలాకే వదలాలి. ఇవన్నీ అతను తనంతట తానే నేర్చుకుని, నేర్చుకున్నదాన్ని దోన్యా ఎర్సీలియాకే పాఠంలా చెప్పబోయేవాడు. ఆమె "ఆహా, అట్టాగా" అని చుట్ట వెనక నవ్వుకునేది.

"పేర్లు మాత్రం పెట్టమాకు," అని ఒక రోజు హెచ్చరించింది. "ఇయ్యన్నీ కుండలోకి పోయేవి. తరవాత నువ్వే ఏడుస్తావు."

"నేనేమన్నా చంటిపిల్లాడినా దోన్యా, కోళ్ళకి పేర్లు పెట్టడానికి?"

అప్పటికే పెట్టేశాడు. పాత గాడిదల పేర్లు నోటికి అలవాటు. బోడిమెడది కరబీనా. మందలో ఎప్పుడూ ముందు నడిచిన గాడిద పేరు అది. గోధుమరంగుది మోనా. మచ్చలది పింతాదా. నలుపు మీద ఎరుపున్నది సెనీసా. పేరు పెట్టాలని పెట్టినవి కావు, ఊరికే వచ్చేశాయి.

సాయంత్రాలు ఇనుప బిళ్ళలు విసిరి ఆడుకునే కొట్టు దగ్గర మగాళ్ళు అతని కోసం కాచుకుని ఉండేవాళ్ళు.

"రావే కోళ్ళమ్మా! ఇయ్యాళ ఎన్ని గుడ్లు పెట్టావు?"

"గట్టిగా మాట్లాడమాకండిరా, కోళ్ళమ్మ పిల్లలు నిద్దరపోతున్నారు!"

"కుస్తోదియో, ఈసారి పొదుగు మీద నువ్వే కూచుంటావా ఏంటి?"

పూర్వమైతే ఆ కొట్టు కప్పు ఎగిరిపోయేలా సమాధానం చెప్పేవాడు. ఇప్పుడు బెల్లం పానకం గ్లాసు కింద పెట్టి, "కూచుంటే నీ పెళ్ళాం కన్నా మెరుగ్గానే కూచుంటాలేరా," అన్నాడు. మామూలు గొంతుతో. అందరూ ముందుకు వంగి వినాల్సి వచ్చింది. ఆ రోజు మేము నవ్వింది అతని మీద కాదు.

పంతొమ్మిదిలో ఏడు పుంజులయ్యాయి. వాటిని ఊళ్ళో కావలసినవాళ్ళకు ఇచ్చేశాడు. మిగిలినవి పన్నెండు పెట్టలు, నున్నగా, బరువుగా ఎదిగాయి. ఒకటి రెండు గుడ్లు మొదలుపెట్టాయి కూడా. మామూలుగా పెరటి కోళ్ళు కాఫీ చెట్ల కింద ఎక్కడో దొంగగా గుడ్లు పెడతాయి. ఇవి కుస్తోదియో మంచం కింద పెట్టేవి.

ఎనిమిదో నెలలో నూబియా కానుపు కోసం తండ్రి ఇంటికి వచ్చింది. హైరో ఆమె మూటను దింపి పనికి వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లో బెల్లం నీళ్ళు కాచుకుంటుంటే పెరట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. లోగొంతుతో, నెమ్మదిగా, మధ్య మధ్య ఈలతో. ఎవరో బంధువు వచ్చాడనుకుని బయటకు వచ్చింది. తండ్రి నేల మీద ఉన్నాడు. ఒళ్ళో ఒకటి, మోకాలి మీద ఒకటి, టోపీ మీద ఒకటి.

"...నిన్న కాలుకి ముల్లు గుచ్చుకుందిగా, ఏదీ చూడనీ. అట్టా లాగేసుకోమాకు. తీసేశాగా, ఇంక లేదు. అంతే. అంతే తల్లీ."

నూబియా గడప మీదే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఎరిగిన తండ్రి గొంతు ఇలా కూడా ఉంటుందని ఆమెకు తెలియదు.

"నాతో ఎప్పుడన్నా ఇట్లా మాట్లాడావా నాన్నా?" నవ్వులాటకు అడిగినట్టు అడిగింది.

కుస్తోదియో తలెత్తాడు. టోపీ మీది కోడి కిందికి దూకింది. ఒళ్ళోని కోడి కాలు నిమిరాడు. చివరికి, "నిన్ను చూస్తే నాకు భయమేసేదమ్మా. చిన్నదానివి. నేను పలకరిస్తే ఏడ్చేదానివి. మీ అమ్మ ఉందిగా, అది మాట్లాడుద్దిలే అనుకున్నా," అన్నాడు.

"అమ్మ లేదు ఇప్పుడు."

"లేదు."

"ఇప్పుడు మాట్లాడు మరి."

ఆమె కడుపు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. అతను ఏం మాట్లాడాలో తెలియక కోళ్ళ గురించే మాట్లాడాడు. ఏది తిండిపోతో, ఏది పిరికిదో, ఏది పక్కదాన్ని పొడిచి పెత్తనం చేస్తుందో చెప్పాడు. కరబీనా నూబియా కడుపు మీద మెడ ఆనించి చెవొగ్గినట్టు నిలబడింది. లోపల బిడ్డ తన్నింది. కోడి ఉలిక్కిపడి తల పక్కకు వంచి చూసింది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నెలన్నర రోజులూ సాయంత్రం పూట వాళ్ళు అలా కూర్చోవడం మా ఇంటి కంచె ఇవతలి నుంచి నేను చూశాను. ఆ ఇంట్లో అంత నెమ్మది ఎన్నడూ లేదు.

కాని కుస్తోదియోకు లోపల దిగులు మొదలైంది. ఎవరికోసం పెంచాడో ఎప్పుడూ మరిచిపోలేదు. చేతులు మాత్రం ఆ పనికి ఒప్పుకునేలా లేవు. ఒక రోజు హైరోను పక్కకు పిలిచాడు. ఊళ్ళో పండగలకు పందిని కోసేది హైరోనే, అలవాటైన చెయ్యి.

"అల్లుడూ, కానుపయ్యాక కోళ్ళ సంగతి నువ్వు చూసుకోవాలి. నా వల్ల కాదు. నేను సంతకి పోతా, నువ్వు పని కానియ్యి."

"ఇదేం పెద్ద పని మావయ్యా. ఎన్ని కావాలంటే అన్ని," అన్నాడు హైరో. నవ్వలేదు, మంచివాడు. కుస్తోదియోకు ప్రాణం కుదుటపడింది. అక్కడే పొరపడ్డాడు.

నవంబరు వానల్లో, ఒక మంగళవారం పొద్దున నూబియాకు నొప్పులు మొదలయ్యాయి. దోన్యా ఎర్సీలియా చుట్ట ఆర్పి లోపలికి వెళ్ళింది. మగాళ్ళిద్దరూ వంటింటి చూరు కింద తడుస్తూ నిలబడ్డారు. పది గంటలకు బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. ఆ ఏడుపు విని కుస్తోదియో గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. దేవుడి పేరు, ఓతీలియా పేరు కలిపి ఏదో గొణిగాడు. కాని ఎర్సీలియా బయటకు వచ్చినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"బిడ్డ బాగుంది. నూబియాకి రగతం బాగా పోయింది. తెల్లగా పాలిపోయి ఉంది. మధ్యాన్నానికి కడుపులో పులుసు పడాలి. నీళ్ళు పొయ్యి మీద పెట్టా. కోడి తెండి."

హైరో చేతులు తుడుచుకుని పెరట్లోకి దిగాడు. కుస్తోదియో మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

కోళ్ళు మచ్చికయ్యాయి, నిజమే. కాని అవి మచ్చికైంది ఒక్క మనిషికి. వానలో పొడుగాటి మనిషి పైనుంచి వంగి చెయ్యి చాపగానే కెవ్వుమంటూ చెల్లాచెదురయ్యాయి. రెండు చూరెక్కాయి, నాలుగు కాఫీ చెట్లలో దూరాయి. హైరో బురదలో జారి పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి పింతాదాను కాలు దొరకబుచ్చుకుని తలకిందులుగా ఎత్తాడు. అది చచ్చేలా అరుస్తూ రెక్కలు కొట్టుకుంది.

"వదిలెయ్!" ఎర్సీలియా వంటింటి గుమ్మంలోంచి అరిచింది. "వదిలెయ్యరా దాన్ని! బెదిరిన కోడి పులుసు బాలింతకి పోస్తావా? ఆ బెదురు పులుసులోకి దిగుద్ది, పులుసులోంచి పాలల్లోకి దిగుద్ది. పసిదానికి బెదురు పట్టుకుంటే ఎవరు దింపుతారు? నువ్వా? మొదటి కానుపప్పుడు పెట్టిన కోళ్ళన్నీ తరిమి పట్టినయ్యే!"

హైరో చెయ్యి వదిలేశాడు. పింతాదా కుంటుకుంటూ కట్టెల కిందికి దూరింది. ఇద్దరూ కుస్తోదియో వైపు తిరిగారు.

"నువ్వు పట్టాలి," అంది ఎర్సీలియా. ఈసారి అరవలేదు. "ఏది దానంతటది ముందు వస్తే అది. నువ్వు ఏరమాకు."

"దోన్యా, నా చేతుల్తో..."

"నీ చేతుల్లోనేగా బెదరకుండా ఉండేది? మరి ఇంకెవరి చేతుల్తో?"

లోపల బిడ్డ ఏడుస్తోంది. నూబియా గొంతు మాత్రం వినపడటం లేదు. కుస్తోదియో వెళ్ళి చూరు కింద, ఎప్పుడూ కూర్చునే చోట నేల మీద కూర్చున్నాడు. చెయ్యి నేలకు ఆనించి అరచెయ్యి పైకి పెట్టాడు. ఈల వేయబోతే పెదాలు కుదరలేదు. తుడుచుకుని మళ్ళీ వేశాడు. చాలాసేపు వానే వినిపించింది. ఏది వచ్చినా ఫరవాలేదు, కరబీనా మాత్రం రాకుండా ఉంటే చాలునని మనసులో మొక్కుకున్నాడు. అది మొక్కుకోవాల్సిన మొక్కేనా అని మళ్ళీ సిగ్గుపడ్డాడు.

కరబీనాయే వచ్చింది. ఎప్పుడూ వచ్చేది అదే మరి. తడిసిన బోడిమెడ సాచుకుంటూ, ఒళ్ళోకి ఎక్కి, ఒకసారి చుట్టూ తిరిగి కూర్చుంది.

అతను దాన్ని గొంగడిలో చుట్టుకుని, రొమ్ము కింద చెయ్యి పెట్టి, కాళ్ళు వేళ్ళాడకుండా ఎత్తాడు. వంటింటి వెనక్కు వెళ్ళేదాకా ఈల ఆపలేదు. చెయ్యి ఒక్కసారి గట్టిగా తిప్పాడు, అంతే. చివరిదాకా అది బెదరలేదు. ఈ మాట అతను తరువాత చాలామందికి ప్రమాణం చేసి చెప్పాడు. దానితో ఏదైనా ఒక మాట అనాలనుకున్నాడు. ఊరంతా వినే గొంతు ఒక కోడికి వినపడేంత కూడా పలకలేదు.

పులుసు ఎర్సీలియా కాచింది. కర్రపెండలం ముక్కలు, కొత్తిమీర, చిటికెడు ఉప్పు. మగాళ్ళు బాలింత గదిలోకి పోకూడదు కనుక కుస్తోదియో గుమ్మానికి వేలాడదీసిన దుప్పటి ఇవతల నిలబడ్డాడు.

"ఏది నాన్నా?" లోపలి నుంచి నీరసంగా అడిగింది నూబియా.

అబద్ధం చెబుదామనుకున్నాడు. "కరబీనా," అన్నాడు.

తరువాత చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మళ్ళీ చెంచా. అతను గిన్నె ఖాళీ అయ్యేదాకా దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాడు.

"చుక్క కూడా మిగల్చలేదు నాన్నా," అంది ఆమె.

కరబీనా రెండు రోజులకు వచ్చింది. మూడో రోజు పొద్దున వాన వెలిసింది. మళ్ళీ కోడి కావాలి. కుస్తోదియో పెరట్లోకి దిగడానికి జంకాడు. అన్నీ చూశాయి, లేదా పసిగట్టాయి, ఇక దగ్గరికి రావనుకున్నాడు. రాకపోతే తప్పు పట్టేది లేదనుకున్నాడు. కూర్చుని ఈల వేశాడు.

వచ్చాయి. మోనా వచ్చింది, సెనీసా వచ్చింది, పదకొండూ వచ్చాయి. అన్నిటికన్నా వెనక, కుంటుతూ పింతాదా కూడా వచ్చి అతని పాదం మీద కూర్చుంది. ఎప్పటిలాగే అతని వేళ్ళ సందుల్లో గింజలు వెతుక్కున్నాయి. కుస్తోదియోకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా చూడలేదు. దోన్యా ఎర్సీలియా వంటింటి గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయింది. కాసేపటికి ఆమె గొంతు బాలింత గదిలోంచి పెద్దగా వినిపించింది.

"పడ్డాయ్! పాలు పడ్డాయ్ నూబియా! చూడు, పిల్లముండ ఎట్టా జుర్రుతుందో! ఊపిరన్నా పీల్చవే, ఎవరూ లాక్కోరు!"

ఏడుస్తున్న బిడ్డ ఏడుపు ఆపేసింది.

ఆ రోజు ముందు వచ్చింది మోనా. కుస్తోదియో దాన్ని ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. వంటింటి వెనక్కు వెళ్ళే దారి బాలింత గది కిటికీ పక్క నుంచే పోతుంది. కిటికీ రెక్కలు గాలి తగలకుండా మూసి ఉన్నాయి. అక్కడ ఆగి, దాని చెవి దగ్గర వంగి, మొన్న రాని మాట ఇవాళ అన్నాడు.

"నీ రుణం ఆ దేవుడే తీర్చాలి తల్లీ."

మెల్లగానే అన్నాడు. అయినా మూసిన కిటికీ లోపలి నుంచి, బిడ్డ చప్పరిస్తున్న చప్పుడు మీదుగా, నూబియా పలికింది.

"నీది కూడా నాన్నా."